ఉన్న పంట అయ్యేదాక

సోమవారం పొద్దున నిరంజన్ పటేల్ తన భార్యను వెంటబెట్టుకుని వాటర్ ట్యాంకు వెనక్కి వచ్చేసరికి మున్నవర్ బేగం పాలకూర కోస్తోంది. కారు రోడ్డు మీదే ఆపి ఇద్దరూ గట్టు మీదుగా నడిచి వచ్చారు. సులోచనమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తడి లేని చోటు చూసుకుంటూ అడుగులు వేస్తోంది.

"ఏం బేగం, కూర మంచిగనే లేసింది గద" అన్నాడు నిరంజన్.

"నీళ్ళు దొరుకుతున్నయి పటేలా, అందుకే."

ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు సన్నటి కాలువలో పడి మడుల్లోకి వస్తాయి. అరెకరం కూడా ఉండని ఆ స్థలం ప్రభుత్వానిది. అక్కడి చెత్తా గాజు పెంకులూ ఏరి పారేసి మున్నవర్ బేగం, ఎల్లక్క, గట్టమ్మ కలిసి ఆరేళ్ళుగా ఆకుకూరలు పండిస్తున్నారు. మహబూబాబాద్ రోడ్డు పక్కన గోనె సంచులు పరుచుకుని అమ్ముతారు. ఆ స్థలానికే ముందు భాగంలో, రోడ్డు వైపు, ఇప్పుడు ఎర్ర రేకుల షెడ్లు లేస్తున్నాయి. రైతుల అంగడి వస్తుందన్నారు. పండించినవాళ్ళే కూర్చుని అమ్ముకోవాలి, మధ్యలో దళారులు ఉండరు అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచీ గట్టమ్మ పనికి వస్తూ పోతూ ఆ షెడ్ల నీడలో ఒక నిమిషం నిలబడి వస్తోంది.

"సులోచన ఒక ఫోటో దిగుతది మీ మడిల" అన్నాడు నిరంజన్. "ఆఫీసోల్లకు గావాల్నట."

"ఫోటో దేనికి పటేలా?"

"ఉత్త కాగితాల పని. నువ్వు జర పక్కకు జరుగు."

మున్నవర్ బేగం జరిగింది. సులోచనమ్మ ఆమెకు కొత్త కాదు. ఆరేళ్ళుగా వారానికి మూడుసార్లు ఆమె దగ్గరే కూర కొంటుంది. ఎప్పుడూ కట్ట విప్పి చూడదు, గీచి గీచి బేరమాడదు. అందుకే మున్నవర్ బేగం తన చేతిలోని కొడవలిని కొంగుతో తుడిచి ఆమె చేతికిచ్చింది. సులోచనమ్మ దాన్ని కూరగాయల కత్తి పట్టినట్టు పట్టుకుంది.

"అట్ల గాదమ్మా. మొదలు కాడ నాలుగు వేళ్ళతోని గుప్పిట పట్టు. మీదికి గుంజొద్దు, దగ్గరికి లాగు."

సులోచనమ్మ వంగి గుప్పిట పట్టి లాగింది. కూర వేళ్ళతో సహా ఊడి వచ్చింది. నిరంజన్ నవ్వి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "గట్లనే ఉండు. ఇటు చూడు." సులోచనమ్మ చూడలేదు. తల వంచుకునే ఉంది. రెండు ఫోటోలు తీశాక మూడోదానికి తల ఎత్తింది.

వెళ్ళేటప్పుడు ఆమె ఊడిన మొక్కల్ని మళ్ళీ మట్టిలో నిలబెట్టబోయింది. "ఉండనీ అమ్మా, నేను చూసుకుంట" అంది మున్నవర్ బేగం.

మంగళవారం ఇద్దరు వచ్చారు, బుధవారం ఐదుగురు. అందరూ భూమి పాస్‌బుక్కులున్నవాళ్ళే. పత్తి వేసేవాళ్ళు కొందరు, పొలం కౌలుకిచ్చి టౌన్లో దుకాణాలు నడిపేవాళ్ళు కొందరు. ఒకాయన చలువ కళ్ళద్దాలు తీయకుండానే మడిలో నిలబడ్డాడు. వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చింది పోశాలు. టౌన్లో కూరగాయల టోకు వ్యాపారం అతనిదే.

"జర సహకరించు అక్కా. ఊరోల్ల పని" అన్నాడు.

చివర వచ్చిన ఇద్దరూ ఫోటోలో ట్యాంకు కనిపించకూడదని వెనక్కి వెనక్కి జరిగి, అప్పుడే మొలకెత్తిన కొత్తిమీర మడిని తొక్కేశారు. గట్టమ్మకు అరవై దాటాయి. వాళ్ళు పోయాక ఆ మడి ముందు గొంతుక్కూర్చుని, చితికిన మొలకల్ని వేలి కొసలతో లేపుతూ, ఒక్కొక్కరి పేరూ పెట్టి తిట్టింది. ఎల్లక్క మాత్రం రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"అక్కా, ఇంతమందికి మన మడిల ఏం పని?"

గురువారం తెలిసింది. షెడ్డు స్తంభానికి జాబితా అంటించారు. ఎల్లక్క ఏడో తరగతిదాకా చదువుకుంది. వేలు పెట్టి పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివింది. అంగడిలో చోటు, దానికి రైతు కార్డు దొరికినవాళ్ళు ఎనిమిది మంది. మొదటి పేరు సులోచనది. ఎనిమిదీ మడిలో నిలబడి ఫోటో దిగినవాళ్ళవే.

"మన పేర్లు లెవ్వు" అంది ఎల్లక్క.

షెడ్డు కింద బల్ల వేసుకుని ఒక అమ్మాయి కూర్చుంది. ఉద్యానశాఖ అధికారి, పేరు దీక్షిత. జనగామ నుంచి బదిలీపై వచ్చి నెల కూడా కాలేదు. మున్నవర్ బేగం చేతులు కడుక్కుని, చున్నీ సర్దుకుని ఆమె ముందుకు వెళ్ళింది.

"మేడం, మేం గీడనే కూర పండిస్తం. మాకు జాగ రాలె."

"పాస్‌బుక్ ఉందా అమ్మా?"

"లేదు."

"పోనీ కౌలు కాగితం?"

"సర్కారు జాగకు కౌలు ఎవరిస్తరు మేడం?"

దీక్షిత ఫారం తిప్పి చూపించింది. "చూడండి. సర్వే నంబరు రాయాలి, పట్టాదారు పేరు రాయాలి. ఇవి లేకపోతే కంప్యూటర్ తీసుకోదు. ఫారం ప్రకారం భూమి ఉన్నవాళ్ళే రైతులు."

ఆమె చేతి కింద మిగతా ఫారాలున్నాయి. అన్నిటికంటే పైనున్న దాని మీద సులోచనమ్మ ఫోటో. ఆమె భుజం వెనక కర్రకు వేలాడుతున్న నీలం చున్నీ మున్నవర్ బేగందే. ఎండకు ఆరేసింది ఆ రోజు. ఆమె నోరు తెరిచింది. ఇది నా మడి అంటే ఆ తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఎవరిచ్చారు నీకు ఈ జాగా?

"ఏంటమ్మా?" అంది దీక్షిత.

"ఏం లేదు మేడం."

ఆ సాయంత్రం భర్త ఇక్బాల్ ఆటో వాకిట్లో నిలిపి లోపలికి వచ్చేదాకా ఆగి, జరిగిందంతా చెప్పింది. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి విన్నాడు.

"నక్కో" అన్నాడు. వద్దన్న ఆ మాట రెండుసార్లు అన్నాడు. "నోరు తెరవకు. అంగడిల జాగ పోతే రోడ్డు మీద అమ్ముకుంటవు. మడి పోతే ఏం అమ్ముతవు?"

అతను అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు ఆమెకు. పళ్ళేలు కడుగుతూ కూడా వెతికింది. దొరకలేదు.

శుక్రవారం పదిన్నరకు దీక్షిత తనే తోటలోకి వచ్చింది. చెప్పులు చేత పట్టుకుని, ఫోను చూసుకుంటూ మడి మడికీ నడిచింది. కొత్తిమీర మడి దగ్గర ఆగింది.

"ఎనిమిది ఫారాల్లో ఎనిమిది సర్వే నంబర్లున్నాయి. ఫోటోలు తీసిన చోటు మాత్రం అన్నిటికీ ఒకటే చూపిస్తోంది. ఇదే చోటు." ముగ్గురి వైపూ చూసింది. "ఈ తోట ఎవరిది?"

కాలువలో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మాకేం ఎరుక మేడం" అంది ఎల్లక్క. "మేం కూలికొస్తం. ఎవరిదో ఏమో."

గట్టమ్మ చటుక్కున తలెత్తి ఎల్లక్కను చూసింది. పక్కనున్న కూర కట్టను తీసి కట్టిన గడ్డిపోచనే విప్పి మళ్ళీ కట్టసాగింది. ఎల్లక్క చూపు నేల మీదే ఉంది. ఆ అబద్ధం ఆమె ఎందుకు ఆడిందో మున్నవర్ బేగానికి తెలుసు. ఎల్లక్కకు ఇద్దరు ఆడపిల్లలు. భర్త లేడు. మడి ఒక్కటే ఉంది. రాత్రి ఇక్బాల్ చెప్పిన మాటే ఎల్లక్క తన తీరున చెప్పింది. అయినా 'ఎవరిదో ఏమో' అన్న మాట మున్నవర్ బేగం చెవిలోంచి పోలేదు. అరిపాదాల్లో దిగిన గాజు పెంకుల్ని పిన్నీసుతో తీసుకుంటూ ముగ్గురూ శుభ్రం చేసిన నేల అది.

"కూలి గాదు మేడం" అంది. గొంతు తనకే చిన్నగా వినిపించి, మళ్ళీ చెప్పింది. "కూలి గాదు. ఈ తోట మాది. జాగ సర్కారుదే. పంట మాత్రం మాది. వాళ్ళు వచ్చి ఫోటోలు దిగి పోయిన్రు."

"ఇది రాసివ్వగలరా?" అంది దీక్షిత. ఫోను దించి, "రాసిస్తే రెవెన్యూకు పోతుంది. ప్రభుత్వ భూమిలో ఉన్నామని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. అది తెలిసి చెప్పండి" అంది.

"తెలుసు మేడం."

"అయితే రేపు పంచనామా. మీరు సాగు చేస్తున్నారని చెప్పడానికి పట్టాదారు ఒకరు సాక్షిగా రావాలి. ఎవరైనా ఉన్నారా?"

మున్నవర్ బేగం సాయంత్రందాకా తిరిగింది. ట్యాంకు ఎదురుగా సిమెంటు దుకాణం నడిపే సదానందానికి ఊరి బయట పొలం ఉంది. ఆరేళ్ళుగా వాళ్ళు మడుల్లో వంగి పని చేయడం రోజూ చూస్తున్నవాడే. వాళ్ళ తాగునీళ్ళ బిందె పెట్టుకునేది అతని దుకాణం అరుగు మీదే.

"నిరంజన్‌తోని నాకు రోజు పని పడతది బేగమక్కా" అన్నాడు, ఆమెను చూడకుండా చీపురు తీసుకుని అరుగు ఊడుస్తూ. "నువ్వు చెప్పింది నిజమే. నన్ను మాత్రం పరేషాన్ చెయ్యకు."

ఇంకో ఇద్దరు ఇంట్లో లేరని చెప్పించారు.

శనివారం పొద్దున్నే నిరంజన్ వచ్చాడు. ఈసారి ఒక్కడే. మడి గట్టు మీద నిలబడి, కోపం లేకుండా మాట్లాడాడు.

"నువ్వు నాకు చెల్లె లెక్క బేగం. గందుకే చెప్తున్న. ఆ పంచనామ అయినంక జేసీబీ వస్తది. నేను ఆపుదామన్నా ఆగదు. కూలికొస్తమని ఎల్లక్క అన్నదట గద, గదే మాట మీరందరు అనుండ్రి. అంగడిల పోశాలు దగ్గర పని ఇప్పిస్త."

"మా మడిల మేమే కూలోల్లమా పటేలా?" అంది గట్టమ్మ.

నిరంజన్ గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. ఎల్లక్క కొడవలి కింద పెట్టేసింది. "ఇప్పటికన్నా మాట మార్చు అక్కా" అంది. మున్నవర్ బేగం తల అడ్డంగా ఊపింది. నీళ్ళ కాలువలో చేతులు పెట్టి మట్టి కడుక్కుంది.

పదకొండు గంటలకు దీక్షితతోపాటు రెవెన్యూ ఆఫీసు గుమాస్తా రమేశ్ వచ్చాడు. టేపు పట్టి కొలిచారు. ఉత్తరాన ట్యాంకు, తూర్పున రోడ్డు అని రాసుకున్నాడు. సాక్షి ఎవరని అడిగాడు. మున్నవర్ బేగం రోడ్డు వైపు చూసింది. సదానందం దుకాణం తలుపు సగం దించి ఉంది.

అప్పుడు ఆటో ఒకటి ఆగి, అందులోంచి సులోచనమ్మ దిగింది. మడి గట్టు మీదికి వచ్చేసరికి ఆయాసపడుతోంది. పాస్‌బుక్కు చీర కొంగులో చుట్టి తెచ్చింది.

"మేడం, నా పేరు సులోచన. జాబితల మొదటి పేరు నాదే" అంది దీక్షితతో. "నా ఫోటో ఈ మడిల దిగిందే. మడి ఈ బేగంది. నేను ఏనాడు కూర కొయ్యలె. ఆ రోజు కొడవలి ఎట్ల పట్టాల్నో ఈమెనే చూపించింది."

"మీ భర్తగారికి తెలుసా అమ్మా?" అంది దీక్షిత మెల్లగా.

"పాస్‌బుక్కు నా పేరు మీద ఉన్నది, చిల్పూరుల మా నాయిన ఇచ్చిన భూమి. కార్డు నా పేరు మీద తీసుకొని పోశాలుకిస్తున్నరని నాకు ఎవరు చెప్పలె. నిన్న పోశాలే ఇంటికొచ్చి, ఏ షెడ్డు తనకిస్తున్నరని మా ఆయన్ను అడుగుతుంటే విన్న." పెన్ను కోసం చెయ్యి చాచింది. ఆమె సంచిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. సంతకం పెట్టేటప్పుడూ మోగుతూనే ఉంది. ఆమె దాన్ని బయటికి తీయలేదు.

రమేశ్ పంచనామా పైకి చదివాడు. "పైన తెల్పిన ప్రభుత్వ భూమిని మున్నవర్ బేగం మరి ఇద్దరు అనధికారికంగా ఆక్రమించుకొని, గత ఆరు సంవత్సరాలుగా ఆకుకూరలు స్వయంగా సాగు చేస్తున్నట్టు..."

"ఆక్రమించుకొని అని రాయకుంటే కాదా సార్?" అంది మున్నవర్ బేగం. "చెత్త ఏరినం అని రాయుండ్రి."

"అట్ల రాయరాదమ్మా. కాగితం భాష గిట్లనే ఉంటది."

వాళ్ళు పండిస్తున్నారని మొట్టమొదటిసారి రాసిన కాగితం అది. వాళ్ళను దొంగలని రాసింది కూడా అదే. మున్నవర్ బేగం కుడినుంచి ఎడమకు ఉర్దూలో తన పేరు రాసింది. గట్టమ్మ వేలిముద్ర వేసింది. ఎల్లక్క చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, చివరికి సంతకం పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. దీక్షితే తెచ్చింది. ఎనిమిది కార్డులూ రద్దు. అంగడిలో చివరి షెడ్డులో ముగ్గురికీ కలిపి ఒక చోటు. ఆ మాట విని గట్టమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. దీక్షిత దండం అందుకోకుండా కిందిది చదివింది. "ప్రస్తుతం క్షేత్రంలో ఉన్న పంట పూర్తయ్యేవరకు మాత్రమే సాగుకు అనుమతి. ఆ పిదప స్థలాన్ని వాహనాల పార్కింగు కొరకు అప్పగించవలెను."

"ఉన్న పంట అంటె పాలకూర, తోటకూర" అంది ఎల్లక్క. "నెల రోజులు. మస్తుగా అంటె నలభై." ఉత్తర్వు కాగితం వైపు కాకుండా మున్నవర్ బేగం వైపు తిరిగింది. "అంగడిల కూసోని ఏం అమ్ముదాం అక్కా? నీ నోరే మనల్ని ముంచింది. చెప్తే విన్నవా?"

ఆ మాట నిజమో కాదో అప్పుడు మున్నవర్ బేగానికే తెలియలేదు. ఎల్లక్క పోయాక, జీపు దాకా దీక్షిత వెంట నడిచింది.

"మేడం, ఉన్న పంట అని ఎప్పుడు రాస్తరు?"

"రేపు వచ్చి ఏమేం ఉన్నాయో రాసుకుంటాం. ఆ జాబితా పై ఆఫీసుకు పోతుంది."

"రేపు మడిల ఉన్నదే రాస్తరా?"

"ఉన్నదే రాస్తాం." దీక్షిత జీపు తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. ఆమె ముఖం చూసి ఏమీ చెప్పలేం. "పదకొండింటికి వస్తాం అమ్మా. అంతకంటే ముందు రాలేను."

ఇక్బాల్ ఆటో స్టాండులో ఉన్నాడు. మున్నవర్ బేగం అక్కడికే వెళ్ళి, పుదీన వేళ్ళు కావాలంది. కేసముద్రం దగ్గర పుదీన తోట ఉన్న రైతు అతనికి తెలుసు. వద్దన్న మాట గుర్తుచేసి ఏదో అంటాడనుకుంది. అతను తన ఆటో ఎక్కబోతున్న ఇద్దరు ప్రయాణికులను వేరే ఆటో ఎక్కించి, "ఎన్ని సంచులు?" అన్నాడు.

నాలుగు సంచులు తెచ్చాడు. ఇంకా ఎండ ఉండగానే కోసేసిన పాలకూర మడులు గుల్ల చేసి, గట్టమ్మ సాళ్ళు తీస్తుంటే మున్నవర్ బేగం వేళ్ళున్న కాడల్ని జానెడు ఎడంలో పడుకోబెట్టి మట్టి కప్పింది. ఇక్బాల్ ప్యాంటు మడిచి నీళ్ళు పోశాడు. పొద్దు గుంకేసరికి సగమే అయింది. మిగతాది తెల్లారి మొదలుపెట్టారు. ఏడింటికి ఎల్లక్క వచ్చింది. కాలువ దగ్గర పార తీసుకుని, నీళ్ళు ఈ వైపు తిప్పింది.

"సులోచనమ్మ చిల్పూరు పోయిందట" అంది చాలాసేపటికి, పార మీదినుంచి చూపు తిప్పకుండా. "తల్లిగారింటికి. పంపించిన్రో తనే పోయిందో తెల్వది."

మున్నవర్ బేగం చేతిలోని కాడను పట్టుకుని కొంచెంసేపు అలాగే కూర్చుంది. తర్వాత దాన్ని సాలులో పెట్టింది.

పదకొండింటికి ఎండ గట్టిగా ఉంది. ముందు సాయంత్రం నాటిన కాడలు కొంచెం నిలబడ్డాయి. పొద్దున నాటినవి తలలు వేలాడేసి నేల మీద పడి ఉన్నాయి. అది నిన్నటి తోట కాదని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. రమేశ్ పుస్తకం తెరిచి మడులు లెక్కపెట్టాడు. తోటకూర మూడు. కొత్తిమీర రెండు. తర్వాత ఆగిపోయాడు.

"గిదేంది?"

"పుదీన సార్" అంది మున్నవర్ బేగం. "పదకొండు మడులు."

"ఎన్ని రోజుల పంట?"

"కోస్తుంటే వస్తనే ఉంటది సార్."

"అట్ల గాదమ్మా. ఎప్పుడు అయిపోతది? ఈ గడిల తేదీ రాయాలె."

"అయిపోదు సార్. వేరు ఉన్నన్ని రోజులు వస్తది."

రమేశ్ పెన్ను ఎత్తి పట్టుకుని దీక్షిత వైపు చూశాడు. దీక్షిత వంగి, వాడిపోయిన ఒక కాడను వేలితో తాకింది. దాని చుట్టూ మట్టి ఇంకా తడిగా, నల్లగా ఉంది. లేచి చెయ్యి తుడుచుకుంది.

"రాయండి" అంది.

"తేదీ కాడ?"

"ఆమె చెప్పిందే రాయండి."

రమేశ్ రాశాడు. వాళ్ళు వెళ్ళేదాకా ముగ్గురు ఆడవాళ్ళూ కదల్లేదు. జీపు రోడ్డెక్కాక ఎల్లక్క పార నేలకు ఆనించి, "పై ఆఫీసోల్లు ఒప్పుకుంటరా?" అంది.

"తెల్వది" అంది మున్నవర్ బేగం.

"ఒప్పుకోకుంటే?"

మున్నవర్ బేగం చివరి మడి దగ్గరికి నడిచింది. నీళ్ళు అక్కడిదాకా రాలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, అడ్డంగా ఉన్న మట్టిపెళ్ళను చేత్తో తీసేసింది. నీళ్ళు ఒక్క క్షణం గుండ్రంగా తిరిగి, సాలులోకి మళ్ళాయి.